గుండ్రటి తలుపుల ఊరు: న్యూజిలాండ్‌లోని హాబిటన్ సందర్శనపై సమీక్ష

చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలోని చిలకలో ఉండేది. ఆ మర్రిచెట్టు దగ్గరికి ఎలా వెళ్లాలని అడిగితే, కళ్లు మూసుకుని పడుకుంటే దారి అదే తెలుస్తుందనేది. ఇన్నేళ్ల తరువాత, కథలోని ఒక ఊరికి టికెట్ కొనుక్కుని, బస్సెక్కి, గైడు వెంట నడిచి చూసి వచ్చాను. న్యూజిలాండ్ ఉత్తర దీవిలో, వైకాటో ప్రాంతంలోని మాటామాటా పట్టణానికి దగ్గరలో ఉన్న హాబిటన్ ఆ ఊరు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1937లో వెలువరించిన ‘ది హాబిట్’లోనూ, 1954, 1955 సంవత్సరాల్లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లోనూ కనిపించే, హాబిట్లు అనే పొట్టి మనుషుల ఊరు అది. ఆ కథలను పీటర్ జాక్సన్ సినిమాలుగా తీసినప్పుడు వేసిన సెట్టే ఇప్పుడు సందర్శన స్థలంగా నడుస్తోంది. పుస్తకం చదివినవారికైనా, సినిమా మాత్రమే చూసినవారికైనా, రెండూ తెలియని పెద్దలకైనా ఈ యాత్ర విలువైనదేనని నా అభిప్రాయం. అందుకు కారణం కొంచెం వివరంగానే చెప్పాలి.

ఊహాలోకాల సాహిత్యంలో నిజంగా వెళ్లి ఉండదగిన దేశాలు చాలా తక్కువ. కోటలు, రాక్షసులు, శపించబడిన అడవులు, నిప్పులు కక్కే కొండలు చదువుకోవడానికి బాగుంటాయి గాని, అక్కడికి పిల్లాపాపలతో వెళ్లి రెండు పూటలు గడపాలంటే గుండె దిటవు కావాలి. టోల్కీన్ లోకంలో కూడా చాలా భాగం అటువంటిదే. హాబిటన్ ఉన్న షైర్ అనే సీమ మాత్రం వేరు. అక్కడివారు రోజుకు ఆరుసార్లు తినాలని కోరుకుంటారు, తోటపని చేసుకుంటారు, పుట్టినరోజు నాడు తామే ఇతరులకు బహుమతులు పంచుతారు, చెప్పులు లేకుండా నడుస్తారు, గుట్టలను తొలిచి లోపల ఇళ్లు కట్టుకుంటారు. కథానాయకులు ఎంత దూరం వెళ్లినా, ఎన్ని కష్టాలు పడినా, మనసులో తలుచుకునేది ఈ ఊరి వంటింటినే. కాబట్టి విహారయాత్రకు ఎంచుకోవలసి వస్తే ఆ లోకం మొత్తంలో ఇంతకంటే తగిన ఊరు లేదు. అదే దీవిలో దక్షిణంగా వెళితే, సినిమాల్లో నిప్పుకొండగా చూపించిన 2,291 మీటర్ల నౌరుహోయే శిఖరం కూడా కనిపిస్తుంది. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలకు అది పవిత్రమైన కొండ. దాన్ని దూరం నుంచి చూసి నమస్కరించి రావడమే మర్యాద.

మా అక్క కుటుంబం చాలా ఏళ్లుగా ఆక్లాండ్‌లో ఉంటోంది. అక్కడి నుంచి మాటామాటాకు కారులో సుమారు రెండు గంటల ప్రయాణం. హామిల్టన్ దాటాక దారి పొడవునా పాడి పశువుల పొలాలు, కత్తిరించినట్టు ఉండే పచ్చిక, అక్కడక్కడ వరుసగా నాటిన చెట్ల కంచెలు కనిపిస్తాయి. మాటామాటా చిన్న పట్టణం. అక్కడి పర్యాటక సమాచార కేంద్రాన్ని కూడా హాబిట్ ఇంటి ఆకారంలోనే కట్టుకున్నారు. పట్టణం నుంచి మరికొంత దూరం వెళితే ‘షైర్స్ రెస్ట్’ అనే విడిది వస్తుంది. అక్కడ కారు నిలిపి, టికెట్ చూపించి, వారి బస్సులోనే లోపలికి వెళ్లాలి. సొంత వాహనాలను లోపలికి రానివ్వరు. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు. బస్సు గేటు దాటి గొర్రెల మందల మధ్య నుంచి మలుపులు తిరుగుతూ వెళుతుంటే, కార్లు, దుకాణాలు, ప్రకటన బోర్డులు అన్నీ వెనకపడిపోతాయి. దిగేసరికి మనసు ఆ ఊరికి సిద్ధపడి ఉంటుంది.

ఆ నేల అలెగ్జాండర్ కుటుంబానికి చెందిన 1,250 ఎకరాల గొర్రెల పొలం. 1998లో జాక్సన్ బృందం విమానంలో తిరుగుతూ సరైన చోటు కోసం వెతికినప్పుడు, చెరువు పక్కన నిలిచిన ఒక పెద్ద పైన్ చెట్టు, దాని చుట్టూ మెత్తగా ఎగిసిపడే పచ్చని గుట్టలు కంటబడ్డాయట. పుస్తకంలో పుట్టినరోజు విందు జరిగే మైదానం, దాని నడుమ ఉండే చెట్టు అచ్చం అలాగే ఉంటాయి. కరెంటు స్తంభం గాని, తారు రోడ్డు గాని, మరో కట్టడం గాని కనిపించని ఆ లోయలో 1999 మార్చిలో పని మొదలైంది. న్యూజిలాండ్ సైన్యం భారీ యంత్రాలతో వచ్చి ఒకటిన్నర కిలోమీటర్ల రోడ్డు వేసి ఇచ్చింది. మొదటిసారి వేసిన సెట్టు తాత్కాలికమైనది. ప్లైవుడ్డు, థర్మకోలుతో కట్టి, చిత్రీకరణ ముగిశాక కూల్చడం మొదలుపెట్టారు. వానల వల్ల ఆ పని మధ్యలో ఆగిపోగా, మిగిలిపోయిన 17 ముఖద్వారాలను చూడటానికి 2002 నుంచి జనాన్ని తీసుకువెళ్లడం ప్రారంభించారు. తరువాతి సినిమాల కోసం 2009 నుంచి రెండేళ్లపాటు మళ్లీ కట్టవలసి వచ్చినప్పుడు మాత్రం కలపతో, ఇటుకతో, నిలిచిపోయేలా కట్టారు. నేడు మనం చూసే 12 ఎకరాల ఊరు, అందులోని 44 హాబిట్ ఇళ్లు ఆ రెండో నిర్మాణమే.

ఇక ఊరి గురించి. మొదటి మలుపు తిరగగానే గుట్ట మీద మెట్లు మెట్లుగా గుండ్రటి తలుపులు కనిపిస్తాయి. ఒకటి ఎర్రది, ఒకటి నీలం, ఒకటి పసుపు. దూరం నుంచి బొమ్మల కొలువులా ఉన్న ఆ దృశ్యం దగ్గరికి వెళ్లేకొద్దీ బొమ్మలాగా ఉండటం మానేస్తుంది. నేను ఒక చిన్న నీలి తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను. పక్కన చేరడేసి కట్టెలు పేర్చి ఉన్నాయి. వాటి కోసలు ఎండకు బూడిదరంగుకు తిరిగాయి. కిటికీ గట్టు మీద ఒక జాడీ, దాని పక్కన మూత సగం తీసిన తేనె సీసా ఉన్నాయి. కంచె కర్రల మీద నాచు పట్టి, చేత్తో తాకితే గరగరలాడింది. ఆ నాచులో ఎంత నిజమైనదో, ఎంత రంగు, జిగురు కలిపి అతికించినదో నాకు తెలియలేదు. కొత్త చెక్కను ముప్పై నలభై ఏళ్ల నాటి చెక్కలా కనిపించేలా చేయడం తేలికైన పని కాదని, కొయ్యపని చేసే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు తెలుసు. కంచె పైభాగం కంటే నేల దగ్గర ఎక్కువగా నల్లబడాలి, తలుపు గొళ్లెం చుట్టూ రంగు అరిగిపోవాలి, మెట్టు మధ్యలో గుంత పడాలి. ఇవన్నీ అక్కడ ఉండవలసిన చోటే ఉన్నాయి.

ప్రతి ఇంటి ముందూ ఆ ఇంటివారి వృత్తి తెలిసేలా సామాను ఉంచారు. ఒకరు రొట్టెలు చేసేవారు, ఒకరు తేనెటీగలు పెంచేవారు, ఒకరు చేపలు పట్టేవారు. చేపలవాడి ఇంటి ముందు తీగ మీద చేపలు ఎండగట్టి ఉంటే, మా అక్క కూతురు తలుపు మీద మెల్లగా రెండుసార్లు కొట్టి, కొంచెం ఆగి, నావైపు తిరిగి, “పిన్నీ, ఇంట్లో ఎవరూ లేరు, చెరువు దగ్గరికి వెళ్లి ఉంటారు” అంది. పదేళ్ల పిల్ల అది. సెట్టు అని దానికి తెలుసు. అయినా లోపల మనుషులు లేరనుకోలేదు, బయటికి వెళ్లారనుకుంది. ఈ స్థలానికి ఇంతకంటే పెద్ద ప్రశంస నేను రాయలేను.

గైడు చెప్పిన సంగతుల్లో కొన్ని నా మనసులో నిలిచిపోయాయి. బట్టలు ఆరేసే తీగల దగ్గరికి గడ్డిలో కాలిబాట సహజంగా పడాలని, చిత్రీకరణకు ముందు కొంతకాలం ఒక మనిషి చేత రోజూ ఇంటి నుంచి తీగల దాకా, తీగల నుంచి ఇంటి దాకా నడిపించారట. పుస్తకంలో ప్లమ్ అనే పండ్ల చెట్ల కింద పిల్లలు కూర్చుంటారని ఒక వాక్యం ఉంది. అసలు ప్లమ్ చెట్లు ఆ దృశ్యానికి మరీ పెద్దవైపోతాయని, యాపిల్, పియర్ చెట్లు నాటి, వాటి ఆకులు కాయలు తీసేసి, ప్లమ్ ఆకులు, పండ్లు తీగతో కట్టారట. ఒక్క వాక్యాన్ని గౌరవించడానికి ఇంత శ్రమ పడినవారిని చూస్తే, చదువరిగా నాకు కృతజ్ఞత కలిగింది. మూలకథను వాడుకుని వదిలేసే సినిమాలు మనం ఎన్నో చూశాం.

గుట్ట పైన, ఊరంతటికీ పెద్ద ఇల్లయిన బ్యాగ్ ఎండ్ ఉంది. ఆకుపచ్చ తలుపు, దాని సరిగ్గా నడిమధ్యన ఇత్తడి పిడి. టోల్కీన్ తన మొదటి పుటలోనే అలా రాశాడు. పిడి మధ్యలో ఉన్న తలుపును లాగి తెరవడం ఎంత కష్టమో ఎవరైనా ఊహించవచ్చు, అయినా కట్టినవారు దాన్ని అంచుకు జరపలేదు. గేటు మీద, వేడుక పని ఉన్నవారు తప్ప లోపలికి రావద్దని చెప్పే బోర్డు వేలాడుతోంది. ఇంటి పైన నిలిచిన ఓక్ చెట్టు ఊళ్లోని చెట్లలో పూర్తిగా కృత్రిమమైనది. మొదటి సినిమాలకు దగ్గర్లోని అసలు ఓక్ చెట్టును నరికి తెచ్చి, ముక్కలను బోల్టులతో బిగించి, తైవాన్ నుంచి తెప్పించిన ఆకులు కట్టారు. తరువాత తీసిన ‘ది హాబిట్’ సినిమాల కథ అంతకు 60 ఏళ్ల ముందు జరిగేది కాబట్టి, ఈసారి అదే చెట్టును వయసులో చిన్నదిగా, ఉక్కు, సిలికోన్‌తో తయారుచేశారు. కింద నిలబడి ఎంత చూసినా నా కంటికి తేడా తెలియలేదు. గాలి వీచినప్పుడు మాత్రం చుట్టుపక్కల చెట్ల ఆకులన్నీ గలగలలాడుతుంటే దాని ఆకులు మరోలా చప్పుడు చేశాయి.

హాబిట్ ఇళ్లన్నీ ఒకే కొలతలో ఉండవు. మాంత్రికుడి పాత్రధారి పక్కన నిలబడితే ఆయన ఎత్తుగా కనిపించడానికి కొన్నింటిని చిన్నగా, హాబిట్ పాత్రధారులు నిలబడితే వారు పొట్టిగా కనిపించడానికి కొన్నింటిని పెద్దగా కట్టారు. మన కంటికి ఆ తేడా వెంటనే పట్టుబడదు. ఒక తలుపు ముందు నిలబడి ఫోటో తీసుకుని, తరువాతి తలుపు ముందు తీసుకుంటే, మనమే పెరిగి తరిగినట్టు కనిపిస్తాం. హైదరాబాద్ దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీని చూసిన మనవాళ్లకు సెట్టు అంటే ముందు భాగం ఒక వీధి, పక్క భాగం మరో వీధి అన్న సంగతి తెలుసు. అక్కడ కట్టడం ఎన్ని కథలకైనా పనికి రావడమే గొప్ప. ఇక్కడ కట్టడం ఒకే కథకు, అందులోనూ ఒకే ఊరికి అంకితం. ఒక ఊహకు ఇంత నేల రాసి ఇచ్చేయడం నేను మరెక్కడా చూడలేదు.

చాలా ఏళ్లపాటు ఇక్కడ తలుపుల బయటి వైపు మాత్రమే చూడగలిగేవారు. ఇంటి లోపలి దృశ్యాలను వెల్లింగ్టన్‌లోని స్టూడియోలో తీశారు కాబట్టి, తలుపు తెరిస్తే మట్టిగోడే ఉండేది. 2023 డిసెంబరులో బ్యాగ్‌షాట్ రో అనే వరుసలోని రెండు ఇళ్లను లోపల కూడా పూర్తిగా అమర్చి తెరిచారు. వంగి లోపలికి వెళితే గుండ్రటి కప్పు, పడకగది, వంటిల్లు, అటకల నిండా సరుకులు పెట్టిన కొట్టుగది ఉన్నాయి. కుర్చీలో కూర్చోవచ్చు, పుస్తకాలు తీసి చూడవచ్చు, మంచం మీద నడుం వాల్చవచ్చు. పిల్లలు ఆ గదుల్లోంచి బయటికి రావడానికి ఇష్టపడరు. పనితనంలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అయినా నా మటుకు నాకు, మూసి ఉన్న తలుపుల ముందు గడిపిన సమయమే ఎక్కువ తృప్తినిచ్చింది. లోపల ఏముందో నేను పదిహేనేళ్ల వయసులోనే చదివి, నా మనసులో అమర్చుకున్నాను. ఆ అమరికను మరొకరి అమరికతో పోల్చుకోవలసి వచ్చినప్పుడు, ఎంత బాగున్నా, నాది కొంచెం పక్కకు జరిగింది. మొదటిసారి ఆ లోకంలో అడుగుపెట్టే పిల్లలకు మాత్రం ఈ రెండు ఇళ్లే యాత్ర మొత్తానికి తలమానికం అవుతాయి.

నడక చివర చెరువు పక్కన రెండు కమానుల రాతి వంతెన, పిండిమర ఉన్న ఇల్లు, దాని అవతల గ్రీన్ డ్రాగన్ అనే సత్రం వస్తాయి. వీటి పైకప్పులకు వేసిన రెల్లు ఆ పొలంలోనే కోసినది. సత్రం 2012 నుంచి నడుస్తోంది. టికెట్‌తో పాటే ఒక్కొక్కరికి ఒక పానీయం ఇస్తారు; మద్యం వద్దనుకునేవారికి, పిల్లలకు అల్లం పానీయం ఉంది. మట్టి ముంతలాంటి కప్పులో చల్లగా వచ్చిన ఆ అల్లం ఘాటు గొంతు దిగుతుంటే, మా ఊళ్లో జాతర రోజుల్లో గోళీసోడా తాగిన రుచి గుర్తుకొచ్చింది. పొయ్యిలో నిజమైన కట్టెలు కాలుతుంటాయి. తినడానికి అమ్మే వాటిలో గొడ్డుమాంసం నింపి కాల్చిన ‘పై’ అనే వంటకం పేరుపొందినది కాబట్టి, శాకాహారులు, ఆ మాంసం తిననివారు ఏది ఏమిటో ముందుగా అడిగి తీసుకోవడం మంచిది. మేము ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుని, యాత్ర ముగిశాక బయట కారు నిలిపిన చోట తిన్నాం.

పిండిమర గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1896లో, నాలుగేళ్ల వయసులో, టోల్కీన్ తల్లితోనూ తమ్ముడితోనూ బర్మింగ్‌హామ్ శివార్లలోని సేర్‌హోల్ అనే పల్లెలో కాపురం పెట్టాడు. అక్కడ ఉన్నది నాలుగేళ్లే. ఆ పల్లెలోని నీటిమర, చెరువు, పొలం గట్లు ఆయనకు జీవితాంతం గుర్తుండిపోయి, షైర్‌గా మారాయి. సేర్‌హోల్ మర ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా నడుస్తోంది. తన పుస్తకం కోసం ఆయన స్వయంగా గీసుకున్న హాబిటన్ చిత్రంలో కూడా ముందు భాగాన మర, వెనుక గుట్ట మీద గుండ్రటి తలుపులు కనిపిస్తాయి. ఒక ఇంగ్లిష్ పల్లె మీద బెంగ పుస్తకమై, పుస్తకం సినిమా అయి, సినిమా భూగోళానికి రెండో వైపున ఉన్న గొర్రెల పొలంలో మళ్లీ పల్లెగా దిగింది. వంతెన మీద నిలబడి మర చక్రాన్ని చూస్తున్నప్పుడు, మా తాతగారి ఊళ్లో పూడిపోయిన దిగుడుబావి నాకు ఎందుకో కళ్లముందు మెదిలింది.

వెళ్లదలచినవారికి అవసరమైన సంగతులు కొన్ని. పెద్దలకు టికెట్ సుమారు 120 న్యూజిలాండ్ డాలర్లు, అంటే దాదాపు ఆరు వేల రూపాయలు. పిల్లలకు తగ్గింపు ఉంటుంది. ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి నేరుగా నిర్వాహకుల దగ్గరే చూసుకుని కొనుక్కోవాలి. మేము మొదట ఒక ట్రావెల్స్ వారి మాట నమ్మాం. వారు మాటామాటా దాకా ప్రయాణం మాత్రమే ఏర్పాటు చేసి, లోపలికి టికెట్ తీయలేదు. ఆ సంగతి అక్కడికి వెళ్లాక తెలిసింది. ఆ రోజు ఖాళీ లేక, తిరిగి వెళ్లి మరో రోజు రావలసి వచ్చింది. అక్కడి వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఆ నెలల్లో రద్దీ ఎక్కువ. మేము మార్చిలో వెళ్లాం. తోటల్లో గుమ్మడికాయలు పండి, పాదుల మధ్య పెద్ద పెద్దవి దొర్లి ఉన్నాయి. ఆ కూరగాయలన్నీ నిజమైనవి, పెంచేవారు నిజమైన తోటమాలులు. పెందలాడే వెళ్లి హాబిట్ల ‘రెండో ఫలాహారం’తో కలిపి చూసే ఏర్పాటు, సాయంత్రం దీపాల వెలుగులో విందుతో కూడిన ఏర్పాటు కూడా ఉన్నాయి, వాటికి ధర వేరు.

నడక మొత్తం గైడు వెంట, గుంపుగా, సుమారు రెండున్నర గంటలు. విడిగా తిరగడానికి వీలుండదు. ఒంటరిగా కూర్చుని పుస్తకం చదువుకోవాలనుకునేవారు ఇది ముందే తెలుసుకుని వెళ్లాలి. ఇన్ని వేల పాదాలు తొక్కినా ఆ గడ్డి, ఆ కంచెలు నిలిచి ఉండాలంటే ఈ కట్టుబాటు తప్పదని నేను అనుకుంటున్నాను. బాట గులకరాళ్లది, ఎత్తుపల్లాలు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ మెల్లగా, రెండుచోట్ల కూర్చుని లేచి, మొత్తం నడిచింది. వానొస్తే గొడుగులు అక్కడే ఇస్తారు. చెప్పులకంటే బూట్లు మేలు.

పిల్లలను తీసుకువెళ్లేవారు ముందు రోజు రాత్రి పుస్తకంలోని మొదటి అధ్యాయాన్నైనా చదివి వినిపించండి. మేము ఆక్లాండ్‌లో, మా అక్క కూతురికి నిద్రపోయే ముందు తెలుగులో చెబుతూ చదివాం. మర్నాడు ఆకుపచ్చ తలుపు దగ్గర అది ఫోటోకు నిలబడలేదు. గేటు ఇవతల నుంచే మునివేళ్ల మీద లేచి, పిడి సరిగ్గా మధ్యలో ఉందో లేదో వేళ్లతో కొలిచి, “సరిపోయింది” అని మాకు చెప్పి, ఆ తరువాతే కిందికి దిగింది.